నెలకు 2,000 మిగలాలి: ఇంటి ఖర్చులో ఎక్కడ తగ్గించాలో చెప్పండి (హనుమకొండ)

కుమార్‌పల్లి_కోడలు
2025 మే 11

అందరికీ నమస్కారం. పొదుపు మీద ఇక్కడి పాత చర్చలన్నీ చదివాను. బయట కాఫీ మానేయండి, సినిమాలు తగ్గించండి, హోటళ్లకు వెళ్లకండి అని రాశారు. ఆ మూడూ మా ఇంట్లో అసలు మొదలే కాలేదు, ఇక మానేదేమిటి? కాబట్టి మా లెక్క చూసి చెప్పండి.

మాది కుమార్‌పల్లి. మామగారు కట్టించిన ఇల్లు. కింద మేము అయిదుగురం: నేను, మా ఆయన, ఇద్దరు ఆడపిల్లలు, అత్తమ్మ. పైన మరిది, తోడికోడలు, వాళ్ల బాబు. అద్దె లేదు కదా, మీకేం కష్టం అని అడగకండి. ఆ మాట అనడానికి మాకు చుట్టాలున్నారు. మా ఆయనకు ప్రైవేటు ఉద్యోగంలో 32,000 చేతికొస్తుంది. నేను ఇంట్లో చీరలకు ఫాల్స్, పీకో కుడతాను. పెళ్లిళ్ల నెలల్లో తీరికుండదు, ఆషాఢం వచ్చిందంటే మిషనుకు సెలవే. పెద్దమ్మాయి పదో తరగతి పాసైంది, జూన్‌లో ఇంటర్‌లో చేరాలి. కాలేజీ వాయిదాల కోసం నెలకు 2,000 పక్కన పెట్టాలి. జీతం పెరుగుతుందని మా ఆయన రెండేళ్లుగా చెబుతున్నారు. ఆ మాటను నమ్ముకుని ఫీజు కట్టలేను కదా.

ఖర్చులు ఇవీ. కరెంటు బిల్లు ఈ నెల 3,000 దగ్గరికి వచ్చింది, అందులో పైవాళ్ల వాటా వాళ్లు ఇస్తారు. గ్యాసు బండ నెలన్నర కూడా రావడం లేదు. ఏప్రిల్‌లో దాని మీద మరో 50 పెంచారు. పాలు రోజుకు లీటరున్నర. కిరాణా 7,000 దాకా అవుతుంది, ఈ మధ్య నూనె పేరు ఎత్తాలంటేనే భయం. ఫోన్లు మూడు: మా ఆయనది, నాది, అత్తమ్మది. మాకొక స్కూటీ.

నేను చేస్తున్నవి చెబుతాను. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే అరుస్తాను. ఫోను చార్జర్లు ప్లగ్గులోంచి పీకేస్తాను. టీవీని రిమోటుతో కాదు, గోడ దగ్గరే ఆపేస్తాను. పిల్లలు నాకు లైన్‌మన్ అని పేరు పెట్టారు. ఇంత చేసినా బిల్లు దిగిరాదు. ఇక మిగిలింది అత్తమ్మ గదిలో కూలరు. రాత్రి పన్నెండు తర్వాత ఆపేయమని అడగాలా? ఆమెకు డెబ్బై దాటాయి. అడగడానికి నాకు నోరు రావడం లేదు.


కాజీపేట_జంక్షన్
2025 మే 11

ముందు ఫోన్ల సంగతి. 28 రోజుల ప్లాను వేస్తున్నారా? అయితే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు కడుతున్నారు. 299 ప్లాను అనుకుంటే ఒక్క ఫోనుకే 3,887. మీ అత్తమ్మ గారిది మీటల ఫోను అయితే ఆమెకు రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఎందుకు? మాటలు, మెసేజ్‌లకు మాత్రమే ప్రత్యేక ప్లాన్లు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది, కంపెనీలు జనవరి నుంచి ఇస్తున్నాయి. 84 రోజులకు 500 లోపే అయిపోతుంది. అయితే ఆ ప్లాన్లను యాప్‌లో అట్టడుగున దాచిపెడతారు, ఓపికగా కిందికి వెళ్లి వెతకాలి. రీచార్జి దుకాణంలో అడిగితే అలాంటిది లేదంటారు. ఉంది.

రెండోది బండ. తెచ్చిన అబ్బాయి దగ్గర కాటా ఉండాలి, తూచి ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. సిలిండరు మెడ దగ్గర ఖాళీ బరువు రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే కాటా మీద కనిపించాల్సిన అంకె. మా వీధిలో ఒకావిడ అడగడం మొదలుపెట్టాక వచ్చే అబ్బాయి మొహం మాడింది గానీ బండ మాత్రం మరో వారం ఎక్కువ వస్తోంది. బిల్లు మీద ఉన్న ధరలోనే ఇంటికి తెచ్చే రుసుము కలిసి ఉంటుంది. పైన అడిగితే ఇవ్వడం మీ ఇష్టం, అంతే.

మూడోది స్కూటీ. అమ్మాయి కాలేజీ ఎక్కడైనా గానీ, 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ చూపించి జీరో టికెట్టు తీసుకుంటే చాలు. కుమార్‌పల్లి నుంచి వరంగల్ చౌరస్తాకు సరుకుల కోసం స్కూటీ మీద వెళ్లడం కేవలం అలవాటే. బస్సులో నిలబడాల్సి వస్తుందనుకోండి, అది వేరే సంగతి.


పాత_మీటరు
2025 మే 11

అమ్మా, సలహా ఇచ్చేముందు నాలుగు ప్రశ్నలు. బిల్లు మీద యూనిట్లు ఎన్ని? మీటరు ఒకటేనా, పైన వేరే ఉందా? పైవాళ్ల వాటా ఎలా లెక్కగడుతున్నారు? మీ రెండు కుటుంబాల్లో ఎవరికైనా రేషన్ కార్డు ఉందా?

కూలరు జోలికి మాత్రం ఇప్పుడే పోకండి.


కుమార్‌పల్లి_కోడలు
2025 మే 11

యూనిట్లు 412. మీటరు ఒకటే, ఇప్పటికీ మామగారి పేరు మీదే వస్తోంది. ఇల్లు అత్తమ్మ పేరుకు మారింది. పైకి వెళ్లే వైరుకు సబ్ మీటరు పెట్టించాం, అందులో ఈ నెల 187 తిరిగింది. మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి, యూనిట్‌కు ఎంత పడితే అంత చొప్పున మరిది ఇచ్చేస్తాడు. ఒక్క రూపాయి తేడా రాదు, ఆ విషయంలో మాకు గొడవ లేదు. నీళ్ల మోటారు మా వైపే ఉంది.

రేషన్ కార్డు మరిది వాళ్లకు ఉంది, ఆయన ఆటో నడుపుతాడు. మా ఆయన జీతానికి మాకు రాదు. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం గురించి అనుకుంటున్నారేమో, 200 దాటితే రాదని చెప్పారు. మాది ఏ నెలా 300కు తగ్గదు. అందుకే వాళ్లూ ఆ ఆశ వదులుకున్నారు.


పాత_మీటరు
2025 మే 12

కోడలు గారూ, దొరికింది. మీ ఇంట్లో దుబారా లేదు. మీరు అరవాల్సింది పిల్లల మీద కాదు, ఆ ఒక్క మీటరు మీద.

నేను కరెంటు బిల్లుల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి కాస్త విసుగు పుట్టించినా లెక్క పూర్తిగా రాస్తాను. మన రాష్ట్రంలో ఇళ్లకు 2022 ఏప్రిల్ నుంచి నడుస్తున్న రేట్లు ఇవి. నెల వాడకం 100 యూనిట్ల లోపు ఆగితే మొదటి 50కి యూనిట్ 1.95, తర్వాతి 50కి 3.10. వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. 200 దాటిందా, మొదటి యూనిట్ నుంచే కొత్త లెక్క: తొలి 200కు 5.10, అక్కడి నుంచి 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, ఆపై 800 వరకు 9.50.

200 దాటితే ఆ దాటిన వాటికే ఎక్కువ రేటు పడుతుందని అందరూ అనుకుంటారు. కాదు. సరిగ్గా 200కు 820 రూపాయలు. 201కి 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్‌కు మీరు కట్టేది 207 రూపాయల 70 పైసలు. నేను ఉన్నన్నాళ్లూ కౌంటరు దగ్గర విన్న తిట్లలో చాలా భాగం ఈ ఒక్క యూనిట్ పుణ్యమే.

ఇప్పుడు మీ 412. తొలి 200కు 1,020, తర్వాతి వందకు 770, ఆ తర్వాతి వందకు 900, మిగిలిన 12కు 114. మొత్తం 2,804. దీనికి ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం కలిసి మీరు చెప్పిన 3,000 దగ్గరికి వచ్చింది. చార్జీలు పక్కన పెట్టి చూస్తే ఇందులో పైవాళ్లు ఇచ్చింది దాదాపు 1,273, మీ మీద పడింది 1,531. మీరు న్యాయంగానే పంచుకున్నారు. పంచుకున్నది మాత్రం రెండు కుటుంబాల వాడకాన్ని ఒక్క కుటుంబం వాడకంగా చూసి వేసిన బిల్లును.

అదే రెండు మీటర్లుంటే ఇదే నెల, ఇదే వాడకం, ఇవే ఫ్యాన్లు, ఇదే కూలరు: పైన 187 యూనిట్లకు 757.60. కింద 225కు 1,212.50. రెండూ కలిపి 1,970. ఎవరూ ఒక్క స్విచ్చు కూడా ఆపకుండా 834 రూపాయలు తగ్గాయి.

ఇంకా ఉంది. మీ మరిది వాళ్లకు కార్డు ఉంది, వాడకం 187. సొంత మీటరు ఉంటే గృహజ్యోతి కింద వాళ్లకు సున్నా బిల్లు రావాలి. ఆ పథకం 2024 ఫిబ్రవరి 27న మొదలైంది, మార్చి బిల్లుల నుంచి అమలవుతోంది. అంటే ఏడాదికి పైగా వాళ్లు రావలసిన సున్నా బిల్లును వదులుకుని, మీ వాడకం వల్ల పెరిగిన రేటును కూడా కడుతూ వచ్చారు. మీరు కావాలని చేశారని కాదు. మీటరుకు బంధుత్వాలు తెలియవు.

కింద మీకు కార్డు లేదు కాబట్టి మీరు చూడాల్సింది ఒక్కటే, 225ను 200కు దించడం. 25 యూనిట్లే, కానీ 1,212.50 కాస్తా 820 అవుతుంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లలోపే తిరుగుతుంది, 14 యూనిట్లతో సరిపోతుంది. ఎక్కువ సేపు తిరిగే రెండు ఫ్యాన్లు మారిస్తే 40కి పైగా యూనిట్లు పోతాయి, 200 కింద మీకు కాస్త ఊపిరి కూడా ఆడుతుంది. ఫ్యాను 2,500 నుంచి 3,500 దాకా ఉంది. ఒకేసారి రెండూ కొనక్కర్లేదు, ముందు హాల్లోది మార్చండి. చలికాలంలో ఫ్యాన్లే తిరగవు కాబట్టి ఈ ఆదా పన్నెండు నెలలూ ఇంతే రాదని కూడా గుర్తుంచుకోండి.

చార్జర్లు పీకడం మానేయండి. ఊరికే వేలాడే చార్జరు నెలకు పావు యూనిట్ కూడా లాగదు. కూలరు రాత్రంతా నడిస్తే నెలకు 50 యూనిట్ల పైమాటే, నిజమే. కానీ ఎండాకాలంలో డెబ్బై దాటిన మనిషి గదిలో ఆపకూడని వస్తువు అదొక్కటే.

ఇక పని ఎలా జరుగుతుందంటే: పై అంతస్తుకు వేరే వంటగది, వేరే దారి ఉన్నాయి కదా? వేర్వేరు కుటుంబాలుగా నిజంగా ఉంటున్నవాళ్లు వేరే కనెక్షన్ అడగవచ్చు. బిల్లు తగ్గించుకోవడానికి ఒకే సంసారాన్ని రెండు మీటర్లుగా చీల్చడం మాత్రం కుదరదు, తనిఖీకి వచ్చినప్పుడు రెండూ కలిపేస్తారు. మరిది పేరు మీద దరఖాస్తు, ఆధార్, ఇంటి పన్ను రశీదు, యజమానిగా మీ అత్తమ్మ గారు సంతకం చేసిన నిరభ్యంతర పత్రం సిద్ధం చేసుకోండి. పై పోర్షన్‌కు మున్సిపాలిటీ వేరే ఇంటి నంబరు ఇచ్చి ఉంటే పని తేలిక. ఉత్తర తెలంగాణ విద్యుత్ సంస్థ వినియోగదారుల సేవా కేంద్రంలో ఇవ్వవచ్చు, సందేహాలకు 1912. లోడును బట్టి రుసుము, డిపాజిట్ ఉంటాయి. పైకి వైరింగ్ ఇప్పటికే విడిగా ఉంది కాబట్టి లోపలి పని పెద్దగా ఉండదు. మీటరు వచ్చాక కొత్త సర్వీసు నంబరు, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ప్రజాపాలన సేవా కేంద్రంలో గృహజ్యోతికి ఇవ్వాలి. అది తనంతట తాను రాదు.

మామగారి పేరు మీద ఉన్న పాత మీటరును కూడా ఇదే ఊపులో అత్తమ్మ గారి పేరుకు మార్పించండి. ఇప్పుడు బద్ధకిస్తే అవసరం పడ్డ రోజున నాలుగు ఆఫీసులు తిరగాలి.


చెరువుగట్టు_సోలార్
2025 మే 12

ఇంత తతంగం ఎందుకు? డాబా మీద సోలార్ పెట్టించండి. పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 రాయితీ వస్తుంది. వడ్డేపల్లి చెరువు దగ్గర మా ఇంటిపై 3 కిలోవాట్లు పెట్టించాను. ఎండాకాలంలో ఏసీ వేసినా భయం లేదు.


పాత_మీటరు
2025 మే 12

మీకు సరిపోయింది, ఎందుకంటే మీకు ఏసీ ఉంది, వాడకం ఎక్కువ. వీళ్లకు మీటర్లు విడిపోయాక పైన సున్నా, కింద 820 కడతారు. 820 రూపాయల బిల్లును పోగొట్టుకోవడానికి రాయితీ పోను లక్ష వరకు చేతి నుంచి పెట్టడం, దానికి అప్పు తేవడం ఎందుకు? ముందు 2,000 మిగలనివ్వండి.


గిర్ని_వీధి
2025 మే 13

కోడలు గారూ, కరెంటు సంగతి పెద్దాయన తేల్చేశారు. మీరు కిరాణా 7,000 అన్నారు, నాకు అక్కడే అనుమానం. మీరు కారం పొడి, పసుపు, చింతపండు, పప్పు అన్నీ నెలనెలా ప్యాకెట్లలో తెస్తున్నారు, అవునా?

మా పుట్టిల్లు నర్సంపేట వైపు. మా అమ్మ ఏ వస్తువునూ దాని కాలం కాని కాలంలో కొనేది కాదు. నేను పట్నంలో కాపురం పెట్టాక కొన్నాళ్లు ప్యాకెట్ల సుఖం అనుభవించాను గానీ మళ్లీ అమ్మ దారిలోకే వచ్చాను. మిరపకాయలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు బస్తాలు బస్తాలుగా వస్తాయి. యార్డులో మనకు కిలోల లెక్కన అమ్మరు, అది ఖరీదుదారుల వేలం. చుట్టుపక్కల దుకాణాల్లో గానీ, ఊళ్లో తెలిసిన రైతు దగ్గర గానీ తీసుకోవాలి. ఘాటుకు తేజ, రంగుకు చపాటా. చపాటా అంటే మన వరంగల్ మిరపే, టమాటాలా లావుగా ఉంటుంది, ఘాటు తక్కువ, ఈ ఏడాదే దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండూ కలిపి తొడిమెలు తీసి, ఎండబెట్టి గిర్నీలో పట్టిస్తే ఏడాది కారం డబ్బాలో ఉంటుంది. ఈసారి మిరప ధర పడిపోయింది. రైతులు యార్డులో ధర్నాలు చేస్తుంటే మనం చవకగా దొరికిందని సంతోషించాలా అనిపించింది. అందుకే నేను రైతు దగ్గరే కొని, యార్డు ధరకు పైన ఏదో ఇచ్చి వచ్చాను. అయినా ప్యాకెట్ కారం కంటే చాలా తక్కువే పడింది.

మీరు ఈ ఏడాది ఆలస్యం కాలేదు, ఆవకాయ రోజులే కదా. కాస్త ఎక్కువ కాయలు తీసుకుని పచ్చడి కారంతో పాటు ఇంటి కారం కూడా పట్టించేయండి. జూన్‌లో వానలు పడితే మాత్రం ఎండబెట్టడం కుదరదు, కాయకు తేమ పట్టి బూజు వస్తుంది. పసుపు కొమ్ములు కొని అదే గిర్నీలో పట్టించవచ్చు. ముందు పసుపు, తర్వాత కారం. క్రమం తప్పితే పసుపు మంట పుడుతుంది.

బియ్యం గురించి ఒక కిటుకు. 25 కిలోల లోపు లేబుల్ వేసిన సంచులకు 2022 జులై నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. 25 దాటితే లేదు. అందుకే దుకాణాల్లో 26 కిలోల సంచి కనిపిస్తుంది. కాబట్టి పది కిలోల సంచులు కొనడం దండగ. వానాకాలం వరి కోతలయ్యాక డిసెంబరు, జనవరిలో ఆరు నెలలకు సరిపడా తీసుకుంటే ధర కలిసొస్తుంది. కొత్త బియ్యం ముద్దవుతాయి కాబట్టి పాతవి అయిపోయేదాకా పక్కన పెట్టి, వేపాకు వేసి మూత గట్టిగా బిగించాలి. మా ఇంట్లో తెలంగాణ సోనా వాడతాం, కొందరికి జైశ్రీరాం రకం తప్ప దిగదు. మీ మరిది వాళ్లకు ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్నబియ్యమే మనిషికి 6 కిలోలు వస్తున్నాయి కదా, వాళ్లకా బాధ లేదు.

ఏడాదివన్నీ ఒకేసారి కొనడానికి డబ్బు ఎక్కడిదని అడుగుతారు. నేనూ అడిగాను. మా పొదుపు సంఘంలో ఏటా మార్చిలో చిన్న అప్పు తీసుకుని ఆరు నెలల్లో తీర్చేస్తాను. వడ్డీ పోను కూడా మిగులుతుంది. సంఘంలో లేకపోతే ఒక్కో ఏడాది ఒక్కో వస్తువుతో మొదలుపెట్టండి. ఈసారి కారం చాలు.

పెద్ద దుకాణాల్లో రెండు కొంటే ఒకటి ఉచితం అనే చోటికి మాత్రం పిల్లలను తీసుకుని వెళ్లకండి. మేము ఉప్పు కోసం వెళ్లి మూడు షాంపూ సీసాలతో తిరిగి వచ్చే రకం.


కుమార్‌పల్లి_కోడలు
2025 మే 14

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పాత మీటరు గారు రాసినదాన్ని కాగితం మీద ఎక్కించి మా ఆయనకు చూపించాను. ఆయన మూడుసార్లు కూడి చూసి, "ఇన్నాళ్లూ తమ్ముడి దగ్గర తీసుకున్నామా" అన్నారు. రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

అసలు చిక్కు అత్తమ్మ దగ్గర వచ్చింది. మీటరు వేరు చేద్దామనగానే ఆమె మొహం మారిపోయింది. "వంట వేరయింది, సరే అన్నాను. ఇప్పుడు కరెంటు కూడా వేరా? రేపు గోడ కడతారా?" అన్నారు. నేను ఏం చెప్పినా కోడలు ఇల్లు చీలుస్తోందనే వినిపిస్తుంది కాబట్టి నోరు మూసుకున్నాను. చివరికి తోడికోడలే కిందికి దిగివచ్చి, "అత్తమ్మా, మాకు నెలకు 1,200 మిగులుతాయట, బాబు ఫీజు కట్టుకుంటాం, మీరు సంతకం పెట్టండి" అని సూటిగా చెప్పేసింది. ఆమె వయసులో నాకు అంత ధైర్యం లేదు. అత్తమ్మ కాసేపు ఆలోచించి, కూలరు ఎవరి మీటరు మీద ఉంటుందని అడిగారు. కింది మీటరు మీదేనని, దాన్ని ఎవరూ ఆపరని చెప్పాక సంతకం పెట్టారు. అంటే ఆ కూలరు మీద నా చూపు పడిన సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసన్నమాట.

కాజీపేట గారూ, అత్తమ్మ ఫోనుకు మాటల ప్లాను దొరికింది. మీరన్నట్టే యాప్‌లో చిట్టచివర ఉంది. గిర్ని వీధి గారూ, కారానికి ఈ ఆదివారం వెళ్తున్నాం. చపాటా ఎంత, తేజ ఎంత పాళ్లలో కలుపుతారు?

పాత మీటరు గారికి ఒక ప్రశ్న. మోటారు ఇద్దరిదీ. నీళ్లు వాళ్లూ వాడతారు. వాళ్లకు ఎలాగూ సున్నా బిల్లే కదా, మోటారును పైవాళ్ల మీటరుకు కలిపేస్తే మాకు ఆ యూనిట్లు కూడా తగ్గుతాయని మా ఆయన అంటున్నారు. మరిది కూడా సరే అన్నాడు.


గిర్ని_వీధి
2025 మే 14

మేము రెండు పాళ్లు తేజ, ఒక పాలు చపాటా. పిల్లలు తినే ఇల్లయితే సగం సగం. ఆవకాయకు చపాటా కాస్త ఎక్కువే వేసుకోండి, రంగు నిలుస్తుంది.


పాత_మీటరు
2025 మే 14

ఆ పని చేయకండి. ఒక హెచ్‌పీ మోటారు గంటకు ముప్పావు యూనిట్ తీసుకుంటుంది. రోజుకు 40 నిమిషాలు వేస్తే నెలకు 15 యూనిట్లు. పైన 187 ఉంది, 15 కలిపితే 202. ఆ రెండు యూనిట్లకు గృహజ్యోతి ఆ నెల మొత్తం పోతుంది, 1,020కి పైన 15 రూపాయల 40 పైసలు, చార్జీలు అదనం, వాళ్లే కట్టాలి. మే నెల గడిస్తే ఫర్వాలేదు గానీ ఎండాకాలంలో వాళ్లకు ఉన్నది 13 యూనిట్ల జాగా మాత్రమే. ఇస్త్రీ పెట్టె రెండు గంటలు ఎక్కువ వాడినా జాగ్రత్తపడాల్సిన పరిస్థితి. రీడింగ్ తీసే తేదీకి వారం ముందు మీటరు మీద కేడబ్ల్యూహెచ్ అంకె, అంటే యూనిట్ల అంకె, చూసుకోవడం మరిదికి అలవాటు చేయండి. పోయిన బిల్లులోని రీడింగ్‌ను అందులోంచి తీసేస్తే ఎక్కడున్నారో తెలుస్తుంది.

మోటారు కిందే ఉండనివ్వండి. మీరు 200 లోపు ఉన్న నెలలో దాని 15 యూనిట్లకు 4.80 చొప్పున 72 రూపాయలు, సగం 36. పైవాళ్లు ఆ 36 చేతికి ఇస్తే సరిపోతుంది. సబ్ మీటరు పారేయకండి, దాన్ని తీసి మోటారు వైరుకు పెట్టించండి. అప్పుడు 40 నిమిషాలు నేను ఊహించి చెప్పింది ఎంత నిజమో కూడా తెలుస్తుంది.